కామెడియా దెల్లార్తె: ముఖతొడుగు ఎవరికి, ఉత్త ముఖం ఎవరికి?

గోదావరి_గట్టు
శనివారం, ఉదయం 9.10

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి నాటక సమాజం కోసం ఇటాలియన్ నాటకకర్త కార్లో గోల్దోని రాసిన ‘ఇద్దరు యజమానుల సేవకుడు’ నాటకాన్ని నాలుగు నెలలుగా తెలుగు చేస్తున్నాను. మొదటి అంకం పూర్తయింది గాని, ఆహార్యం గురించి ఆలోచించడం మొదలుపెట్టాక పని ఆగిపోయింది.

వెనిస్ వర్తకుడు పాంతలోనె, అతని కూతురు క్లరీచె, దొత్తోరె లొంబార్ది, అతని కొడుకు సిల్వియో, చనిపోయిన అన్న వేషంలో తూరిన్ నుంచి వచ్చిన బెయాత్రీచె, ఆమె ప్రియుడు ఫ్లొరిందో, సత్రం నడిపే బ్రిగెల్లా, పనిమనిషి స్మెరల్దీనా, అందరికంటే ముఖ్యంగా ఇద్దరు యజమానుల దగ్గర ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర కొలువు చేసే త్రుఫల్దీనో, ఇవీ ప్రధాన పాత్రలు. ఇటలీ ప్రదర్శనల ఛాయాచిత్రాలు చూస్తే పాంతలోనె, దొత్తోరె, బ్రిగెల్లా, త్రుఫల్దీనో అనే నలుగురికే తోలు తొడుగులు కనిపిస్తున్నాయి. తండ్రి ముఖానికి తొడుగు ఉండి, పక్కనే నిలబడ్డ కూతురి ముఖం ఉత్తగా ఉండడం నాకు అర్థం కాలేదు. ఇది దర్శకుల ఇష్టమా, లేక సంప్రదాయమా? రెండో సందేహం మాటకు సంబంధించినది. ఇటాలియన్లో ‘మాస్కెరా’ అనే మాటను ముఖతొడుగుకూ, పాత్రకూ కూడా వాడుతున్నారు. దానికి తెలుగులో ఏమనాలి?

పడమటి_నాటకం
శనివారం, మధ్యాహ్నం 1.35

గోదావరి గట్టు గారూ, ఇది దర్శకుల ఇష్టం కాదు, పదహారో శతాబ్ది నుంచి నాటక బృందాలు పాటిస్తూ వచ్చిన ఏర్పాటు. ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరు సేవకులు తొడుగు వేస్తారు, ప్రేమికులు వెయ్యరు. మీ నాటకంలో ఉన్న నలుగురూ ఆ పాత లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయారు.

ఈ తరహా ఇటాలియన్ నాటకాన్ని ఇప్పుడు మనం కామెడియా దెల్లార్తె అంటున్నాము గాని ఆ పేరు చాలా ఆలస్యంగా, గోల్దోని కాలంలో, ఆయన 1750 నాటి రచనలో కనిపిస్తుంది. అంతకు ముందు అప్పటికప్పుడు అల్లే హాస్యనాటకమనీ, జాన్నీల, అంటే సేవకుల, నాటకమనీ అనేవారు. ‘ఆర్తె’ అన్నది ఇక్కడ కళ అనే అర్థంలో కంటే వృత్తి, కులవిద్య వంటి అర్థంలో వచ్చింది. రాజాస్థానాల్లో విద్వాంసులు సరదాగా ఆడే నాటకాల నుంచి దీన్ని వేరు చేసేది ఆ మాటే. 1545 ఫిబ్రవరి 25న పాదువా నగరంలో మాఫియో అనే నటుడు, అతని సహచరులు కలిసి మొత్తం ఎనిమిది మంది ఒక నోటరీ ముందు ఒప్పందం రాసుకున్నారు. వచ్చిన డబ్బు మూడు తాళాల పెట్టెలో వెయ్యాలని, సామాను మోయడానికి ఉమ్మడి సొమ్ముతో ఒక గుర్రాన్ని కొనాలని, ఎవరికైనా జబ్బు చేస్తే అదే సొమ్ముతో పోషించాలని అందులో ఉంది. నటనతో పొట్ట పోసుకునే మనుషుల పత్రం అది, చదివినప్పుడల్లా నాకు ఆ గుర్రమే కళ్లముందు కనిపిస్తుంది.

ఊరూరా తిరిగే అలాంటి బృందానికి ప్రతి ఊళ్లోనూ కొత్త కథ కావాలి, అయినా ప్రతిసారీ కొత్త పాత్రను సాధన చేసే తీరిక లేదు. అందుకని నటుడు ఒకే పాత్రను ఎన్నుకొని, చాలాసార్లు జీవితాంతం దాన్నే ధరించేవాడు. కథ మాత్రం మారుతుండేది. ఫ్లమీనియో స్కాలా 1611లో అచ్చువేసిన సంపుటిలో యాభై కథల కట్టడాలు ఉన్నాయి. వాటిలో సంభాషణలు ఉండవు, ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చేసి పోతారో ఉంటుంది. ముందుగా కథాసారం, తర్వాత పాత్రల పేర్లు, ఆ తర్వాత ప్రదర్శనకు కావలసిన సామాను జాబితా ఇస్తాడు. మాటలన్నీ నటుడి నోట్లోనే పుట్టాలి. పాంతలోనె వేసే నటుడికి లోభత్వం గురించి, ముసలి వలపు గురించి, కూతురిని తిట్టడం గురించి ఎన్ని మాటలు కంఠతా వచ్చి ఉంటే అంత మంచిది.

ఆ పాత్రలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే తొడుగు సంగతి తేలికవుతుంది. పాంతలోనె వెనిస్ వర్తకుడు: ఎర్రని బిగుతు దుస్తులు, పైన నల్లని పొడవాటి అంగీ, నడుముకు డబ్బుసంచి, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, వంకర ముక్కున్న ముదురు గోధుమరంగు తొడుగు. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరిన తర్వాత మిరియాల వ్యాపారంలో వెనిస్‌కు గట్టి పోటీ ఎదురైందని మనకు తెలుసు. నిన్నటి వైభవాన్ని సంచిలో దాచుకొని రేపటికి భయపడే వర్తకుడు ఆ నగరపు ప్రేక్షకులకు బాగా ఎరిగిన మనిషే. దొత్తోరె బొలోన్యా విశ్వవిద్యాలయపు పండితుడు. నల్లటి దుస్తులు, నుదుటిని, ముక్కును మాత్రమే కప్పే చిన్న తొడుగు, ఆగని మాటలు, తప్పుల లాటిన్. సేవకులిద్దరూ బెర్గమో కొండ ప్రాంతం నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్లను జాన్నీలంటారు, జొవాన్ని అనే సర్వసాధారణమైన పేరుకు ఆ ప్రాంతపు రూపం అది. మొదటి జాన్ని తెలివైనవాడు, అతడే బ్రిగెల్లా అయ్యాడు. రెండో జాన్ని ఎప్పుడూ ఆకలిగొన్నవాడు, తాను వేసిన చిక్కులో తానే పడేవాడు. ఆర్లెకీనొ, త్రుఫల్దీనో ఆ కోవలోని వాళ్లే.

తెరవెనుక
శనివారం, సాయంత్రం 4.20

రెండో సందేహానికి నా సమాధానం: ‘వేషం’ అనండి. కృష్ణ వేషం కట్టాడు, ఆ వేషం ఆయనకే చెల్లింది అంటాము. కట్టుకున్నదీ, ఆడినదీ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఇటాలియన్ మాటకు ఇంతకంటే దగ్గరి మాట మరొకటి నాకు తోచలేదు. వస్తువు గురించి చెప్పవలసిన చోట మాత్రం ముఖతొడుగు అంటే చాలు. ముసుగు అనే మాట వద్దని నా మనవి, ఎందుకంటే ముసుగు అనగానే దాచడం గుర్తుకు వస్తుంది, ఇక్కడ జరిగేది దాచడం కాదు.

వాచికం
శనివారం, రాత్రి 8.50

తెరవెనుక గారి చివరి వాక్యంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. దాచడం కాదని మనం అనవచ్చు గాని, గోల్దోని స్వయంగా అలాగే భావించాడు. 1787లో ఫ్రెంచిలో వెలువడిన తన జ్ఞాపకాల్లో ఆయన తొడుగు నటుడికి ఎప్పుడూ హానే చేస్తుందని రాశాడు. నటుడు ప్రేమిస్తున్నా, కోపగించినా, నవ్వుతున్నా ప్రేక్షకుడికి కనిపించేది ఒకటే తోలు. చేతులు ఎంత తిప్పినా, గొంతు ఎంత మార్చినా మనసులోని మాట ముఖం మీదికి రాదు. తొడుగు కింది ఆత్మ బూడిద కింది నిప్పు వంటిదని ఆయన పోలిక. ఆయన సంస్కరణలన్నీ ఈ అసంతృప్తి నుంచే వచ్చాయి: మొదట కొన్ని పాత్రలకు, ఆ తర్వాత నాటకం మొత్తానికి మాటలు రాసి ఇచ్చి, క్రమంగా తొడుగులు తగ్గించి, వీధిలో కనిపించే మనుషులను రంగస్థలం మీదికి తెచ్చాడు. అలాంటి రచయిత నాటకానికి మనం పట్టుబట్టి తోలు తొడుగులు వెయ్యడం ఆయన మాటను పక్కన పెట్టడం కాదా?

పడమటి_నాటకం
ఆదివారం, ఉదయం 7.30

వాచికం గారు ఎత్తిన విషయం ముఖ్యమైనది, అందుకే కాలక్రమం జాగ్రత్తగా చూడాలి. ఈ నాటకాన్ని 1745లో గోల్దోని పీసాలో న్యాయవాదిగా ఉన్నప్పుడు, ప్రసిద్ధ త్రుఫల్దీనో నటుడు ఆంతోనియో సాక్కి ఉత్తరం రాసి అడిగితే తయారుచేశాడు. అప్పుడు అది చాలావరకు కథ కట్టడమే. మాటలు సాక్కి బృందం అల్లుకుంది. పూర్తి సంభాషణలతో ఆ తర్వాత రాసి 1753లో అచ్చువేశాడు. కాబట్టి మన చేతిలో ఉన్నది తొడుగును వదులుకున్న గోల్దోని నాటకం కాదు, తొడుగు వేసే ఒక గొప్ప నటుడి కోసం పుట్టి, అతని ఒంటి విన్యాసాలను కాగితం మీద నిలిపిన నాటకం. ఒకేసారి ఇద్దరు యజమానులకు రెండు గదుల్లో భోజనం వడ్డిస్తూ, పళ్లేలు తారుమారు చేస్తూ, మధ్యలో తన ఆకలిని కూడా చూసుకునే ఆ సన్నివేశంలో ముఖంతో చెప్పవలసింది ఎంత? కాళ్లతో, మెడతో, చేతిలోని పళ్లెంతో చెప్పవలసిందే అంతా.

నివురుగప్పిన నిప్పు అనే పోలిక మన భాషలోనూ ఉంది. గోల్దోనికి అది ఫిర్యాదు. మన వాడుకలో మాత్రం నివురు కింది నిప్పు ఆరిపోయినది కాదు, ఎప్పుడు రాజుకుంటుందోనని అందరూ కనిపెట్టుకొని ఉండేది. తొడుగు వేసిన మంచి నటుడిని చూసినప్పుడు నాకు ఆ రెండో అర్థమే సరైనదనిపిస్తుంది.

పాదువా_నుంచి
ఆదివారం, మధ్యాహ్నం 12.15

నేను చదువుకోసం వచ్చి ఆరేళ్లుగా పాదువాలో ఉంటున్నాను. ఈ ఊరి పక్కనే ఉన్న ఆబానో తెర్మెలో సార్తోరి తండ్రీకొడుకుల పేరు మీద ముఖతొడుగుల మ్యూజియం ఉంది. అక్కడికి రెండుసార్లు వెళ్లాను. వాచికం గారి ప్రశ్నకు అక్కడ చూసిన వస్తువులే కొంత సమాధానమవుతాయి.

1947 జూలైలో మిలాన్‌లోని పిక్కొలో తెయాత్రోలో దర్శకుడు జోర్జో స్త్రేలర్ ఇదే నాటకాన్ని ప్రదర్శించినప్పుడు తోలు తొడుగు చేసే పాత విద్య తెలిసినవారు దాదాపు లేరు. ప్రధాన పాత్ర వేసిన మార్చెల్లో మొరెత్తి, అట్ట తొడుగులతో ఇబ్బందిపడి, మొదట్లో ముఖానికి నల్లరంగు పూసుకొని ఆడాడు. పాదువా శిల్పి ఆమ్లెతో సార్తోరి ఆ విద్యను తన చేతులతో తిరిగి కనుక్కున్నాడు. ముందు చెక్కలో ముఖాన్ని చెక్కాలి. నానబెట్టిన తోలును దాని మీద సాగదీసి, అంచుల్లో చిన్న మేకులు కొట్టి, కొమ్ముతో చేసిన సుత్తితో ఓపికగా కొడుతూ ప్రతి ముడతలోకీ దించాలి. ఆరిన తర్వాత తీసి, అంచులు సరిచేసి, రంగు వెయ్యాలి. అట్ట చెమటకు మెత్తబడి చెడుతుంది. తోలు చెమటను పీల్చుకొని, కొన్నాళ్లకు నటుడి ముఖాకృతికే అలవాటు పడుతుంది. సార్తోరి పిల్లి పోలికతో చేసిన తొడుగు మొరెత్తికి నచ్చింది. మొరెత్తి 1961లో చనిపోయాక ఫెర్రుచ్చో సొలేరి ఆ వేషాన్ని అందుకొని, ఎనభయ్యేళ్లు దాటేవరకు కొన్ని వేలసార్లు ఆడాడు. తొడుగు వెనుక ఉన్నది ముసలి ముఖమని ప్రేక్షకుడికి తెలిసే అవకాశమే లేదు.

ఇంకొక విషయం. ఇవన్నీ సగం తొడుగులు, పై పెదవి దగ్గర ఆగిపోతాయి. నోరు, గడ్డం బయటే ఉంటాయి గనుక మాట స్పష్టంగా వినిపిస్తుంది. కళ్ల దగ్గర రంధ్రాలు మాత్రం చాలా చిన్నవి. మ్యూజియంలో నకలు తొడుగును పెట్టుకొని చూడనిచ్చారు. పక్కన ఉన్నవారిని చూడాలంటే కన్ను తిప్పితే లాభం లేదు, తల మొత్తం తిప్పవలసి వచ్చింది, తలతో పాటు భుజాలు కూడా తిరిగాయి. ఆర్లెకీనొ పక్షిలా తల విసురుగా తిప్పడం అలంకారం కోసం పెట్టుకున్నదని అంతవరకు అనుకున్నాను.

తెరవెనుక
ఆదివారం, మధ్యాహ్నం 2.40

పాదువా నుంచి గారి చివరి పేరా నాటక సమాజాల వాళ్లందరూ చదవాలి. తొడుగు తెప్పించడం వారం ముందు కాదు, సాధన మొదటి రోజునే జరగాలి.

చరిత్ర_పుట
ఆదివారం, సాయంత్రం 6.05

ఇంతవరకు చర్చ తొడుగు ఉన్నవారి చుట్టూనే తిరిగింది. మొదటి ప్రశ్నలో సగభాగం మాత్రం ఉత్త ముఖం గురించి. కూతురి ముఖం ఎందుకు ఉత్తగా ఉంది?

ప్రేమికులు ఏ ఊరివాళ్లూ కారు. పాంతలోనె వెనిస్ మాండలికం, దొత్తోరె బొలోన్యా మాండలికం, సేవకులు బెర్గమో మాండలికం మాట్లాడుతుంటే, ప్రేమికులు తోస్కానా ప్రాంతపు సాహిత్య భాషలో, కవిత్వం చదివి అలవాటైన భాషలో మాట్లాడతారు. వారి దుస్తులు కూడా ఆ కాలపు నాగరికమైన దుస్తులే. వెనిస్ వర్తకుడి కూతురు వెనిస్ భాష మాట్లాడదేమని ప్రేక్షకులెవరూ అడగలేదు. నవ్వు పుట్టించేవారికి ఊరు, వృత్తి, తొడుగు ఉన్నాయి. ప్రేమించేవారికి అవేమీ లేవు, అందమైన ముఖం, అందమైన భాష ఉన్నాయి. ఒకటి లేకుండా రెండోది రాణించదు.

దీనికి స్త్రీలు రంగస్థలం ఎక్కడంతో సంబంధం ఉంది. 1564లో రోమ్‌లో రాసుకున్న ఒక బృందపు ఒప్పందంలో లుక్రేత్సియా అనే స్త్రీ పేరు నటుల పేర్ల మధ్య కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో వృత్తి నాటకశాలల్లో స్త్రీలు నటించడానికి 1660 వరకు ఆగవలసి వచ్చింది. తొడుగు లేని స్త్రీ ముఖాన్ని చూడడానికి జనం వచ్చారన్నది నిజమే. అంతమాత్రాన ఆ నటీమణులను అందానికి పరిమితం చేస్తే చాలా అన్యాయం చేసినట్లే అవుతుంది. పాదువాలో 1562లో పుట్టిన ఇసబెల్లా ఆంద్రెయీని జెలోసి బృందపు నాయిక. ఆమె కవయిత్రి, 1588లో ‘మిర్తిల్లా’ అనే నాటకాన్ని అచ్చువేసింది. 1589లో ఫ్లోరెన్స్‌లో ఫెర్దినాందో దె మెదిచి వివాహ వేడుకల్లో ఆమె ఒక ఉన్మాద సన్నివేశం ఆడింది. ప్రియుడికి దూరమై మతి చెదిరిన నాయిక వీధుల్లో తిరుగుతూ స్పానిష్, గ్రీకు, ఫ్రెంచి వంటి భాషల్లో మాట్లాడింది, ఆ తర్వాత తన బృందంలోని పాంతలోనె, పండితుడు గ్రత్సియానో, జాన్ని, బడాయి సైనికుడు కపితానో మొదలైన వారందరి గొంతులనూ, తీరునూ ఒక్కొక్కటిగా అనుకరించింది. చూసిన ఒకరు ఆ పేర్లన్నీ తన దినచర్యలో రాసి పెట్టబట్టి మనకు ఇది తెలిసింది.

ముఖం మీద ఏమీ లేని ఒక స్త్రీ అన్ని తొడుగులనూ ధరించి చూపింది. ఈ ఒక్క సంఘటనను మనసులో పెట్టుకుంటే తెరవెనుక గారు సూచించిన ‘వేషం’ ఎందుకు సరైన మాటో తెలుస్తుంది. తోలు అందులో ఒక భాగం మాత్రమే. నడక, గొంతు, యాస, ఊరు, ఆకలి, సంచి అన్నీ కలిస్తేనే ‘మాస్కెరా’.

ఆమె భర్త ఫ్రాంచెస్కో గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఆయన బడాయి సైనికుడైన కపితానో స్పవెంతో వేషానికి పేరుపొందాడు. మిలాన్, నేపుల్స్ స్పెయిన్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో కపితానో స్పానిష్ పలుకులతో కోతలు కోసి, కత్తి దూసేసరికి పారిపోతుంటే జనం ఎందుకు నవ్వారో వేరే చెప్పనక్కరలేదు. 1604లో ఫ్రాన్స్ నుంచి తిరిగి వస్తూ ఇసబెల్లా లియోన్ నగరంలో, గర్భిణిగా ఉండి మరణించింది. బృందం చెదిరిపోయింది, ఫ్రాంచెస్కో మళ్లీ ఆ వేషం కట్టలేదు. 1607లో కపితానో ప్రగల్భాలన్నిటినీ పుస్తకంగా ప్రచురించాడు.

గోదావరి_గట్టు
ఆదివారం, రాత్రి 9.30

చరిత్ర పుట గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. భాషల సంగతి నాకు కొత్త ఆలోచన ఇచ్చింది. పాంతలోనెకు నెల్లూరు యాస, దొత్తోరెకు కృష్ణా తీరపు భాష, త్రుఫల్దీనోకు శ్రీకాకుళం యాస, ప్రేమికులకు గ్రాంథికం ఇస్తే మూలంలోని అమరిక మన ప్రేక్షకులకు వెంటనే అందుతుందేమో. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

కళింగ_తీరం
సోమవారం, ఉదయం 6.45

దయచేసి ఆ పని చెయ్యకండి. నేను శ్రీకాకుళం జిల్లా మనిషిని. చదువుకోవడానికి వేరే ఊరు వెళ్లినప్పుడు నేను నోరు తెరవగానే తరగతిలో నవ్వులు వినిపించేవి. ఏడాదిపాటు అవసరమైతే తప్ప మాట్లాడలేదు. మా యాసను తెలివితక్కువ సేవకుడి నోట్లో పెడితే మీ నాటకం చూసిన పిల్లవాడు మరొక పిల్లవాడిని అలాగే నవ్వుతాడు.

మూలంలోనూ ఈ బాధ ఉందని గమనించండి. బెర్గమో 1428లో వెనిస్ ఏలుబడిలోకి వచ్చింది. ఆ కొండల నుంచి బరువులు మోయడానికి వచ్చిన కూలీల మాటను వెనిస్ ప్రేక్షకులు నవ్వుకున్నారు. జాన్ని తిండి గురించే కలలు కనడం మనకిప్పుడు హాస్యంగా కనిపిస్తుంది గాని, వలస కూలీ ఆకలి అందులో ఉంది. అయితే నాలుగు వందల ఏళ్లలో ఆ రెండో జాన్ని యజమానులందరినీ దాటి నాటకానికి నాయకుడయ్యాడు, ఇప్పుడు బెర్గమో వాళ్లే ఆర్లెకీనొ మావాడని చెప్పుకుంటారు. ఆ మలుపు వాళ్లు తమంతట తాము తెచ్చుకున్నది. దాన్ని మరొక ప్రాంతం మీద మనం మొదటి నుంచి రుద్దకూడదు.

వాచికం
సోమవారం, ఉదయం 10.20

కళింగ తీరం గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ప్రాంతానికి బదులు వృత్తిని పట్టుకోవచ్చు. పాంతలోనె ప్రతి మాటలోనూ జమాఖర్చులు, వడ్డీ, వాయిదా, హుండీ దొర్లుతుంటే చాలు, అతను వర్తకుడని తెలుస్తుంది. దొత్తోరె లాటిన్‌కు బదులుగా విభక్తులు తప్పిన సంస్కృత శ్లోకాలు చదివితే సరిపోతుంది. అది ఏ జిల్లానూ నొప్పించదు, అర్థం తెలిసినవారు నవ్వుతారు, తెలియనివారు అతని గాంభీర్యాన్ని చూసి నవ్వుతారు. త్రుఫల్దీనో భాషలో తిండి పేర్లు నిండి ఉంటే చాలు.

తొడుగుల విషయంలో కూడా నా మొదటి అభిప్రాయాన్ని సవరించుకుంటున్నాను. పాదువా నుంచి గారు చెప్పిన భుజాల సంగతి నన్ను ఒప్పించింది. గోల్దోని తన తర్వాతి నాటకాల గురించి చెప్పింది ఈ నాటకానికి వర్తించదు.

చరిత్ర_పుట
సోమవారం, మధ్యాహ్నం 3.00

ఒక వేషం ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో చూపే సంగతి ఒకటి ఉంది. నేపుల్స్ వేషమైన పుల్చినెల్లాకు తెల్లని వదులు చొక్కా, పొడవాటి టోపీ, ముక్కు కొక్కెంలా వంగిన నల్లని సగం తొడుగు. అక్కడి సాన్ కార్లీనో నాటకశాలలో 1852లో సల్వాతోరె పెతీతో ప్రేక్షకుల ఎదుటే తన తొడుగును, టోపీని కొడుకు ఆంతోనియోకు అప్పగించాడు. ఆంతోనియో 1876లో అదే నాటకశాలలో, ప్రదర్శన మధ్యలో తెరవెనుక ప్రాణం విడిచాడు. ఇదే వేషం ఇంగ్లండ్ చేరి బొమ్మలాటలో పంచ్ అయింది. 1662 మే 9న లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఇటాలియన్ బొమ్మలాటను చూశానని సామ్యూల్ పీప్స్ తన దినచర్యలో రాసుకున్నాడు.

గోదావరి_గట్టు
మంగళవారం, రాత్రి 8.15

కళింగ తీరం గారూ, మీకు కలిగించిన బాధకు క్షమాపణ చెబుతున్నాను. యాసల ఆలోచన పూర్తిగా మానేశాను. నిన్న రాత్రి కూర్చొని దొత్తోరె మొదటి ప్రవేశాన్ని వాచికం గారు చెప్పిన పద్ధతిలో తిరిగి రాశాను. ప్రేమికులకు గ్రాంథికం కాకుండా, పద్యపు నడక ఉన్న శిష్ట వ్యావహారికం ఇస్తున్నాను. సిల్వియో అలిగినప్పుడు కూడా అందులోనే అలుగుతాడు. పాత్రల పట్టిక పైన ‘నాలుగు వేషాలు’, ‘ప్రేమికులు’ అని రెండు శీర్షికలు పెట్టాను. స్మెరల్దీనా సేవకురాలైనా తొడుగు లేనిది కాబట్టి ఎక్కడ చేర్చాలో తోచక, ఆమె పేరును రెండింటికీ మధ్య విడిగా ఉంచాను.

మా ఊళ్లో తోలుబొమ్మలు చేసే కుటుంబంలోని ఒక పెద్దాయనను తోలు గురించి అడిగాను. బొమ్మల తోలు పలచనిది, వెలుగు దానిలోంచి పోవాలి, ముఖానికి అది పనికిరాదని చెప్పి, చెప్పులు కుట్టే వారి దగ్గర దొరికే మందం తోలు చూడమన్నారు. చెక్క అచ్చు చెక్కడానికి ఒక వడ్రంగి ఒప్పుకున్నాడు. పాదువా నుంచి గారూ, మీరు పెట్టుకొని చూసిన తొడుగులో కంటి రంధ్రం ఎంత వెడల్పు ఉందో, రెండు రంధ్రాల మధ్య ఎంత దూరం ఉందో గుర్తుంటే చెప్పగలరా? అచ్చు పని ఆదివారం మొదలుపెడుతున్నాము.